ఏమీ లేని చోట కాంతి ఎలా ప్రయాణిస్తుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

హైస్కూల్లో భౌతికశాస్త్రం చెబుతాను. ధ్వని పాఠం పూర్తయిన మర్నాడు ఎవరో ఒకరు చెయ్యి ఎత్తుతారు: "సార్, ధ్వని శూన్యంలో పోదన్నారు కదా, మరి ఎండ ఎలా వస్తోంది?" అదే ప్రశ్న తర్వాత తల్లిదండ్రుల నుంచి వస్తుంది, పోటీ పరీక్షలకు చదివేవాళ్ల నుంచి వస్తుంది, అర్ధరాత్రి వాట్సాప్‌లోనూ వస్తుంది. ప్రతిసారీ మొదటి నుంచి చెప్పే ఓపిక తగ్గి ఇలా ఒకచోట రాసి పెట్టాను. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు.

## మొట్టమొదట వచ్చే సందేహాలు

ధ్వనికి గాలి కావాలి, మరి కాంతికి ఎందుకు అక్కర్లేదు?

ధ్వని గాలి చేసే పని. డప్పు మీద కర్ర పడగానే తోలు పక్కనున్న గాలిని నెడుతుంది, ఆ గాలి తన పక్క గాలిని నెడుతుంది. ఆ తోపులాటే మన చెవి దాకా వస్తుంది. గాలి తీసేస్తే నెట్టేవాళ్లూ లేరు, నెట్టించుకునేవాళ్లూ లేరు.

కాంతిలో ఊగేది పదార్థం కాదు. విద్యుత్ క్షేత్రం, అయస్కాంత క్షేత్రం ఊగుతాయి. క్షేత్రం అంటే ఆ బలం చుట్టూ పరుచుకుని పనిచేసే తీరు. అయస్కాంతం మేకును తాకకుండానే లాగుతుంది కదా; మధ్యలో గాలి తీసేసినా అలాగే లాగుతుంది. అంటే క్షేత్రం నిలబడటానికి గాలి ఆసరా అక్కర్లేదు. ఆసరా లేకుండా నిలబడగలిగినదానికి ఆసరా లేకుండా ఊగడమూ చేతనవుతుంది.

తరంగం అంటే అలే కదా? నీళ్లు లేకుండా అల ఎలా ఉంటుంది?

ఈ చిక్కంతా మాటతో వచ్చింది. చెరువులో రాయి వేసి తరంగాన్ని పరిచయం చేస్తాం, దాంతో 'తరంగం' అనగానే బుర్రలోకి నీళ్లు కూడా వచ్చేస్తాయి. నిజానికి భౌతికశాస్త్రంలో తరంగం అంటే ఒక మార్పు ఒక చోటి నుంచి ఇంకో చోటికి సాగడం, అంతే. మారేది నీటి మట్టం కావచ్చు, గాలి పీడనం కావచ్చు, ఒక బిందువు దగ్గరున్న విద్యుత్ క్షేత్రం బలమూ కావచ్చు.

పాత సైకిల్ డైనమో గుర్తుందా? చక్రానికి ఆనించగానే లోపల అయస్కాంతం తిరిగి, ముందు దీపం వెలిగేది. మారే అయస్కాంత క్షేత్రం విద్యుత్ క్షేత్రాన్ని పుట్టిస్తుందని ఇంగ్లండ్ శాస్త్రవేత్త ఫారడే 1831లో చూపించాడు. మారే విద్యుత్ క్షేత్రం కూడా అయస్కాంత క్షేత్రాన్ని పుట్టిస్తుందని స్కాట్లాండ్ శాస్త్రవేత్త మాక్స్‌వెల్ లెక్కకట్టాడు. ఈ రెండూ కలిస్తే ఇక బయటివాళ్ల సాయంతో పనిలేదు. ఒకదాని మార్పు రెండోదాన్ని, రెండోదాని మార్పు మొదటిదాన్ని నిలబెడుతూ ముందుకు సాగిపోతాయి. కాంతి అంటే అదే.

ఇది కళ్లారా చూసే వీలుందా?

ఉంది. మా ల్యాబ్‌లో బెల్ జార్ అనే పెద్ద గాజు మూత ఉంది. అంచుకు వ్యాజలైన్ దట్టంగా పూసి పళ్లెం మీద బోర్లిస్తాం, కింది నుంచి పంపు గాలి లాగుతుంది. లోపల పాత సెల్‌ఫోన్ ఒకటి రబ్బరు బ్యాండ్లతో వేలాడదీసి, పంపు ఆన్ చేసి, బయటి నుంచి దానికి కాల్ చేస్తాను. మొదట రింగు గట్టిగానే వినిపిస్తుంది. నిమిషం గడిచేసరికి పక్కగదిలో మోగుతున్నట్టు, ఇంకాసేపటికి దోమ రొదలా అయిపోతుంది. స్క్రీన్ మాత్రం అదే వెలుగుతో వెలుగుతూనే ఉంటుంది, ఫోన్ వణుకుతూ ఊగడమూ కనిపిస్తుంది.

పిల్లలు సాధారణంగా గమనించనిది ఇంకోటుంది. అసలు కాల్ లోపలికి ఎలా వెళ్లింది? గాలి లేని జాడీలోకి సిగ్నల్ దర్జాగా వెళ్లింది, ఎందుకంటే అదీ కాంతి కుటుంబమే. రబ్బరు బ్యాండ్లు మర్చిపోయి ఫోన్‌ను నేరుగా పళ్లెం మీద పెట్టిన ఏడాది ప్రయోగం అభాసుపాలైంది. శబ్దం పళ్లెంలోంచి హాయిగా బయటికొచ్చింది, క్లాసంతా నవ్వింది.

సూర్యుడి నుంచి వెలుతురు సరే, వేడి ఎలా వస్తోంది?

వేడి మూడు దారుల్లో పోతుంది: వహనం (తగిలి ఉన్న పదార్థం గుండా), సంవహనం (కదిలే గాలి, నీళ్లతో), వికిరణం (తరంగాలుగా). మొదటి రెండింటికీ పదార్థం కావాలి, మూడోదానికి అక్కర్లేదు. సూర్యుడి నుంచి వచ్చేది వికిరణమే. కనిపించే కాంతి, కనిపించని పరారుణ కాంతి మన చర్మం మీద పడి అక్కడ ఇంకినప్పుడు వేడిగా మారతాయి. దారిలో వేడి లేదు, చేరాకే పుట్టింది.

టీ ఫ్లాస్కు ఈ పాఠాన్ని బాగా చెబుతుంది. రెండు గోడల మధ్య గాలి తీసేస్తే వహనం, సంవహనం ఆగిపోతాయి. అయినా గోడలకు వెండిలా మెరిసే పూత ఎందుకు వేస్తారు? శూన్యాన్ని కూడా దాటిపోయే వికిరణాన్ని లోపలికి తిప్పికొట్టడానికి.

రేడియో, సెల్ సిగ్నల్, ఎక్స్‌రే కూడా ఇదేనా?

అన్నీ ఒకే తల్లి పిల్లలు. తేడా తరంగదైర్ఘ్యంలోనే. 100 మెగాహెర్ట్జ్ (సెకనుకు 10 కోట్ల ఊపులు) ఎఫ్ఎం తరంగం పొడవు 3 మీటర్లు. ఆకుపచ్చ కాంతి తరంగాలైతే మన తలవెంట్రుక మందంలో సుమారు వంద పడతాయి. శూన్యంలో వీటన్నిటి వేగం ఒక్కటే.

## వేగం దగ్గర మొదలయ్యేవి

కాంతి వేగం ఖచ్చితంగా ఎంత?

శూన్యంలో సెకనుకు 2,99,792 కిలోమీటర్ల 458 మీటర్లు. ఇందులో 'సుమారు' లేదు. 1983 నుంచి మీటరు నిర్వచనమే దీని మీద ఆధారపడింది: సెకనులో 29,97,92,458వ వంతు కాలంలో శూన్యంలో కాంతి పోయే దూరమే మీటరు. పరీక్షలో 3 లక్షలని రాస్తే చాలు.

అంత వేగాన్ని పాతకాలంలో ఎలా కొలిచారు?

నాకు చెప్పడానికి చాలా ఇష్టమైన కథ ఇది, కాస్త ఓపిక పట్టండి.

బృహస్పతి ఉపగ్రహాల్లో అయో అన్నది సుమారు 42 గంటల 30 నిమిషాలకోసారి చుట్టు తిరుగుతుంది, ప్రతి చుట్టులో బృహస్పతి నీడలోకి వెళ్లి మాయమవుతుంది. గడియారంలా నడవాలి. కానీ భూమి బృహస్పతికి దూరమవుతున్న నెలల్లో ఆ గ్రహణాలు ఆలస్యమవుతూ వచ్చాయి, దగ్గరవుతుంటే ముందుకు జరిగాయి. పారిస్ వేధశాలలో పనిచేస్తున్న డెన్మార్క్ యువకుడు ఓలే రోమర్ 1676లో దానికి కారణం చెప్పాడు. అయో ఆలస్యం చేయడం లేదు, ఆ వార్త మన దాకా రావడానికే టైమ్ పడుతోంది! భూకక్ష్య అడ్డంగా దాటడానికి కాంతికి 22 నిమిషాలు పడుతుందని ఆయన లెక్క. అసలు సంఖ్య 16 నిమిషాల 40 సెకన్లకు దగ్గర. అంకె తప్పినా కాంతికి వేగమంటూ ఉందని తేలిపోయింది. పైగా ఆ కాంతి వచ్చింది కోట్ల కిలోమీటర్ల ఖాళీలోంచి.

నేల మీద కొలిచింది ఫ్రాన్స్ శాస్త్రవేత్త ఫిజో, 1849లో. 720 పళ్ల చక్రం గిర్రున తిరుగుతుంటే పళ్ల సందులోంచి వెలుతురు పంపాడు. అది 8.6 కిలోమీటర్ల దూరంలో ఉన్న అద్దానికి తగిలి వెనక్కి వచ్చేలోగా తర్వాతి పన్ను అడ్డొస్తే వెలుతురు కనిపించదు. సెకనుకు 12.6 చుట్ల దగ్గర చీకటైంది. లెక్క వేస్తే సెకనుకు సుమారు 3,13,000 కిలోమీటర్లు. పళ్ల చక్రంతో అది సాధించాడంటే నాకు ఇప్పటికీ అబ్బురమే.

చంద్రుడు, సూర్యుడు, నక్షత్రాల నుంచి ఎంతసేపు పడుతుంది?

చంద్రుడి నుంచి 1.3 సెకన్లు, సూర్యుడి నుంచి 8 నిమిషాల 20 సెకన్లు. శ్రీహరికోట నుంచి బయల్దేరి 15 లక్షల కిలోమీటర్ల దూరాన సూర్యుణ్ణి చూస్తున్న ఆదిత్య ఎల్1 పంపే సిగ్నల్‌కు 5 సెకన్లు. 2014 సెప్టెంబరు 24న మంగళయాన్ అంగారక కక్ష్యలోకి దిగినప్పుడు అది 22 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉంది. అంటే అక్కడ జరిగిన సంగతి ఇక్కడ తెలియడానికి 12 నిమిషాలకు పైనే. ఇక్కడి నుంచి 'ఇప్పుడు నొక్కు' అనే వీలు లేదు కాబట్టి ఆదేశాలన్నీ ముందే నౌకలోకి ఎక్కించి పెట్టారు. ఆ రోజు బెంగళూరు కంట్రోల్ రూమ్‌లో అందరి మొహాల్లో టెన్షన్‌కు కాంతి వేగం కూడా ఒక కారణమే.

సూర్యుడి తర్వాత దగ్గరి నక్షత్రం ప్రాక్సిమా సెంటారీ నుంచి 4 ఏళ్ల 3 నెలలు. మన స్వాతి నక్షత్రం నుంచి సుమారు 37 ఏళ్లు.

టీవీలో సిక్స్ పక్కింట్లో ముందే పడుతుంది. అది కాంతి ఆలస్యమేనా?

కొంచెమే. డిష్ సిగ్నల్ 36,000 కిలోమీటర్ల ఎత్తున్న ఉపగ్రహం దాకా పోయి రావడానికి పావు సెకను పడుతుంది. మీకూ పక్కింటికీ మధ్య నాలుగైదు సెకన్ల తేడా ఉంటే అది బొమ్మను కుదించి, మళ్లీ విప్పే యంత్రాల నిర్వాకం. కాంతి మీద నెట్టకండి.

గాజులో నెమ్మదించిన కాంతి బయటికి రాగానే మళ్లీ వేగం ఎలా పుంజుకుంటుంది? ఎవరు తోస్తారు?

ఎవరూ తోయరు, ఎందుకంటే ఎవరూ బ్రేకూ వేయలేదు. గాజులోకి వెళ్లిన కాంతి అక్కడి ఎలక్ట్రాన్లను ఊపుతుంది. ఊగే ఎలక్ట్రాన్లు తమ వంతుగా చిన్న తరంగాలు పుట్టిస్తాయి. అసలు తరంగం, ఈ పిల్ల తరంగాలు కలిసిపోయి ఏర్పడే మొత్తం తరంగం సెకనుకు 2 లక్షల కిలోమీటర్లతో మాత్రమే సాగుతుంది. నీళ్లలో అయితే 2,25,000. గాజు అయిపోగానే ఊగే ఎలక్ట్రాన్లు లేవు, తరంగం తన మామూలు వేగంతో సాగుతుంది.

చూశారా, పదార్థం కాంతికి వాహనం కాదు, అడ్డంకి. ధ్వనికి దారి లేని చోటే కాంతికి రాచబాట.

## దారి పొడవునా ఏమవుతుంది?

అంతరిక్షంలో అంత ఎండ ఉంటే అక్కడ ఆకాశం నల్లగా ఎందుకు ఉంటుంది?

కాంతి మన కంట్లో పడితేనే మనకు కనిపిస్తుంది. పక్క నుంచి పోతున్న కాంతి కనిపించదు. పెంకుటింట్లో మధ్యాహ్నం పడుకుని పైకి చూసినవాళ్లకు ఇది వివరించక్కర్లేదు. పెంకుల సందులోంచి ఎండ ఒక కడ్డీలా దిగుతుంది, దాన్నిండా దుమ్ము రేణువులు తేలుతుంటాయి. మీరు చూస్తున్నది ఎండను కాదు, ఎండ తగిలి మీ వైపు తిరిగిన దుమ్మును. ఎవరైనా దుప్పటి దులిపితే కడ్డీ చిక్కబడుతుంది, గాలి శుభ్రంగా ఉంటే పలచబడుతుంది. దుమ్మే లేకపోతే నేల మీద వెలుగు మచ్చ ఒక్కటే మిగులుతుంది.

మన ఆకాశాన్ని వెలిగిస్తున్నది గాలి అణువులు. అవి ఎండను అన్ని వైపులా చెదరగొడతాయి, నీలాన్ని ఎక్కువగా. చంద్రుడి మీద గాలి లేదు కాబట్టి అపోలో యాత్రికులు పట్టపగలు తీసిన ఫోటోల్లో నేల మిలమిలలాడుతుంటే ఆకాశం కాటుకలా ఉంటుంది. అక్కడ టార్చి వేస్తే మధ్యలో కిరణం కనిపించదు, అవతలి రాయి మాత్రం వెలుగుతుంది.

అంత దూరం వచ్చాక కాంతి అలసిపోదా?

అలసిపోవడానికి రాపిడి ఉండాలి. శూన్యంలో అది లేదు. దూరపు దీపం మసకగా కనబడటానికి కారణం కాంతి నీరసించడం కాదు, పరుచుకోవడం. దూరం రెట్టింపైతే అదే వెలుగు నాలుగు రెట్ల వైశాల్యం మీద పడుతుంది. మీ కంటికి నాలుగో వంతు అందుతుంది. ఒక్కో ఫోటాన్ (కాంతి శక్తి పొట్లం) మాత్రం బయల్దేరినప్పటి శక్తితోనే వస్తుంది.

ఒక మినహాయింపు ఉంది. విశ్వం వ్యాకోచిస్తోంది కాబట్టి కోట్ల ఏళ్లు ప్రయాణించే కాంతి తరంగం కూడా సాగిపోయి ఎరుపు వైపు జరుగుతుంది. విశ్వం పుట్టిన 3,80,000 ఏళ్లకు బయల్దేరిన కాంతి ఇప్పటికి సుమారు 1,100 రెట్లు సాగి మైక్రోవేవ్‌గా మారింది. 1965లో అమెరికా శాస్త్రవేత్తలు పెన్జియాస్, విల్సన్ తమకు దొరికిందని ప్రకటించింది దాన్నే. యాంటెన్నా టీవీల కాలంలో ఛానెల్ లేని చోట గరగరమంటూ చుక్కలు ఆడేవి గుర్తుందా, ఆ చుక్కల్లో ఒక చిన్న పాలు ఈ పాత కాంతిదే.

అంతరిక్షం నిజంగానే పూర్తి శూన్యమా?

కాదు. నక్షత్రాల మధ్య ఘన సెంటీమీటరుకు సగటున ఒక పరమాణువు ఉంటుంది. మన గదిలో అదే చోట అణువుల సంఖ్య 25 పక్కన 18 సున్నాలు. కాబట్టి 'దాదాపు శూన్యం' అనడం సబబు. ఆ కాస్త పదార్థాన్ని పట్టుకుని 'అందుకే కాంతి వస్తోంది' అనే వాదన ఒకటి తిరుగుతూ ఉంటుంది. తలకిందుల వాదన అది. దుమ్ము మేఘాలు దట్టంగా ఉన్న చోట కాంతి ఆగిపోతుంది. పాలపుంతలో కనిపించే నల్లటి చారలు అవే.

మనం చూసే నక్షత్రాలు చాలావరకు చచ్చిపోయాయంటారు, నిజమేనా?

సినిమా డైలాగుకు బాగుంటుంది గానీ నిజం కాదు. కంటికి కనిపించే నక్షత్రాలు దాదాపు అన్నీ కొన్ని వేల కాంతి సంవత్సరాల లోపే ఉన్నాయి, వాటి ఆయుష్షు లక్షలు, కోట్ల ఏళ్లలో ఉంటుంది. కాబట్టి వాటిలో ఇంచుమించు అన్నీ బతికే ఉన్నాయి. ముసలిదైన ఆర్ద్ర నక్షత్రం మీద అనుమానపడినా అర్థముంది.

శూన్యంలో కాంతి తిన్నగానే పోతుందా?

దగ్గర్లో భారీ వస్తువు లేకపోతే తిన్నగానే. సూర్యుడి అంచు పక్క నుంచి వచ్చే నక్షత్ర కాంతి 1.75 ఆర్క్ సెకన్లు (ఆర్క్ సెకను అంటే డిగ్రీలో 3,600వ వంతు) వంగుతుందని ఐన్‌స్టీన్ లెక్క. 1919 మే 29న సంపూర్ణ సూర్యగ్రహణం వేళ ఆఫ్రికా పక్కనున్న ప్రిన్సిపే దీవిలో, బ్రెజిల్‌లోని సోబ్రాల్‌లో ఫోటోలు తీసి దాన్ని సరిచూశారు.

## ఇంకాస్త తవ్వేవాళ్లకి

ఈథర్ అనేది ఉందని పాత పుస్తకంలో చదివాను. లేదని ఎలా తేలింది?

19వ శతాబ్దపు పెద్దలు కూడా మన పిల్లల్లాగే ఆలోచించారు: తరంగమైతే ఊగడానికి ఏదో ఉండాలి. విశ్వమంతా నిండిన ఆ 'ఏదో'కి ఈథర్ అని పేరు పెట్టారు. గ్రహాలకు అడ్డు తగలనంత పలచన, కానీ కాంతి అంత వేగంగా పోవాలంటే ఉక్కును మించిన బిగువు. ఈ రెండూ ఒకే పదార్థంలో ఉండాలనడమే అనుమానాస్పదం.

బండి మీద పోతుంటే మొహానికి గాలి కొట్టినట్టు, సూర్యుడి చుట్టూ సెకనుకు 30 కిలోమీటర్లతో పోతున్న భూమికి ఈథర్ గాలి కొట్టాలి. 1887లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో మైకెల్సన్, మోర్లీ ఒక బరువైన రాతిపలకను పాదరసం మీద తేలించి, దాని మీద కాంతిని రెండుగా చీల్చి, లంబంగా రెండు దారుల్లో పంపి మళ్లీ కలిపారు. పలకను మెల్లగా తిప్పుతూ చూస్తే ఈథర్ గాలి వల్ల వెలుగు చారలు, చారకూ చారకూ మధ్య దూరంలో 0.4 వంతు జరగాలి. అందులో ఇరవయ్యో వంతు కూడా జరగలేదు. 1905లో ఐన్‌స్టీన్ ఈథర్ అవసరమే లేదని చెప్పి పక్కన పెట్టేశాడు. పరికరం బాగుండి, ఫలితం సున్నా రావడం వల్ల ఇంత పేరు తెచ్చుకున్న ప్రయోగం ఇంకోటి నాకు తోచదు.

కాంతి విద్యుదయస్కాంత తరంగమే అని మాక్స్‌వెల్‌కు ఎలా తట్టింది?

రెండు అంకెలు కలిశాయి. వెబర్, కోల్‌రౌష్ అనే ఇద్దరు 1856లో విద్యుదావేశాలతో ఒక కొలత చేశారు. దాంట్లో దీపం లేదు, అద్దం లేదు. దాన్నిబట్టి విద్యుదయస్కాంత తరంగం వేగం సెకనుకు 3,10,740 కిలోమీటర్లు ఉండాలి. అప్పటికి ఫిజో పేరున చలామణిలో ఉన్న కాంతి వేగం 3,14,858. ఇంత దగ్గరగా రావడం కాకతాళీయం కాదని మాక్స్‌వెల్‌కు అర్థమైంది. 1880ల చివర్లో హెర్ట్జ్ అలాంటి తరంగాలను గదిలోనే పుట్టించి పట్టుకున్నాడు.

కణం అనుకుంటే సరిపోతుంది కదా? కణానికి యానకం (మధ్యలో మోసుకెళ్లే పదార్థం) అక్కర్లేదు.

సగం సందేహం తీరుతుంది. విసిరిన రాయిలా పోతుందనుకోవచ్చు. కానీ రెండు సన్నని చీలికల్లోంచి పంపితే వచ్చే వెలుగు నీడల చారలకు ఆ బొమ్మ సమాధానం చెప్పదు. వెలువడేటప్పుడు, ఇంకేటప్పుడు కాంతి ఫోటాన్ల లెక్కన ఇచ్చిపుచ్చుకుంటుంది. దారిలో ఎటు ఎంత పోతుందో తరంగం లెక్క చెబుతుంది. రెంటిలో ఏ ఒక్కటీ చాలదు.

కాంతి వేగం వేదాల్లోనే ఉందంటున్నారు. నిజమా?

14వ శతాబ్దంలో విజయనగరంలో ఉన్న సాయణాచార్యుల ఋగ్వేద భాష్యంలో ఒక స్మృతి శ్లోకం ఉంది. అర నిమేషంలో 2,202 యోజనాలు పోయేవాడా, నీకు నమస్కారం అని సూర్యుణ్ణి కొలుస్తుంది. శ్లోకం ఉన్న మాట నిజం. చిక్కు కొలతల దగ్గర వస్తుంది. యోజనం ఒక్కో గ్రంథంలో ఒక్కో పొడవు, నిమేషమూ అంతే. సరిపోయే కొలతలు ఏరుకుంటే 3 లక్షలు వస్తుంది, వేరేవి తీసుకుంటే రాదు. సాయణుడి పాండిత్యం మీద గౌరవం ఉండాలంటే దాన్ని కొలతగా నిరూపించక్కర్లేదు.

ఇంట్లో కాంతి వేగం కొలవచ్చా?

మైక్రోవేవ్ ఓవెన్, అప్పడం, స్కేలు ఉంటే చాలు. ఓవెన్‌లో తిరిగే గాజు పళ్లెం తీసేయండి, లేకపోతే అన్ని వైపులా సమంగా కాలిపోతుంది. మధ్యలో తిరిగే ముక్కకు తగలకుండా దాని మీద ఒక గాజు గిన్నె బోర్లించి, ఆ గిన్నె పైన ఇంకో గాజు పళ్లెంలో పచ్చి అప్పడాలు పరచండి. కొద్ది సెకన్లు నడిపి, పొంగడం మొదలవగానే ఆపేయండి. పిల్లలు చేస్తుంటే పక్కన ఉండండి, మాడితే పొగ వస్తుంది.

అప్పడం అంతా ఒకేలా పొంగదు. అక్కడక్కడా తెల్లటి బుడగల మచ్చలు, మధ్యలో పచ్చిగా. రెండు పక్కపక్క మచ్చల మధ్య దూరం తరంగం పొడవులో సగం. దాన్ని రెట్టింపు చేసి, ఓవెన్ వెనక రాసి ఉండే 2,450 మెగాహెర్ట్జ్‌తో, అంటే సెకనుకు 245 కోట్ల ఊపులతో గుణించండి. 6.1 సెంటీమీటర్లు వస్తే లెక్క అచ్చంగా సరిపోయినట్టే. కొలిచింది గాలిలోనైనా, శూన్యంలో వేగానికీ దీనికీ తేడా స్కేలుకు అందనంత తక్కువ. మా ఇంట్లో 6.5 వచ్చింది, అంటే సెకనుకు 3,18,500 కిలోమీటర్లు, 6 శాతం ఎక్కువ. మచ్చ మధ్య ఎక్కడో తేల్చుకోలేక మూడుసార్లు చేశాం. నాలుగోసారికి అప్పడాలు అయిపోయాయి.